పన్ను తీసే ముందు చిగురుకు రాసే జెల్

పై దవడలో నమిలే పన్ను నరం కుళ్లి, వేరు కొసన చీము పట్టింది. తీయించుకోక తప్పలేదు. దంతవైద్యం నా వృత్తి కావడంతో మత్తు జెల్ వాడకం తెలిసిందే. ఈసారి దాన్ని నా చిగురు మీదే చూశాను. పన్ను తీయించుకోబోయేవాళ్లు ఎక్కువగా భయపడేది సూదికి కాబట్టి, ఈ జెల్ ఎంతవరకు పనిచేస్తుందో చెప్పడం అవసరం.

జెల్ మొద్దుబార్చేది పైపొరను మాత్రమే, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు. సూది గుచ్చే నొప్పికే అది మందు. పంటి నరం ఎముక లోపల ఉంటుంది. అక్కడికి ఇంజక్షనే చేరాలి. పన్ను సలుపుతుంటే జెల్ కొని రుద్దుకునేవాళ్లకు చిగురు తిమ్మిరెక్కినా సలుపు తగ్గనిది ఇందుకే.

రాసే ముందు బుగ్గ, చిగురు కలిసే మడతను గాజుగుడ్డతో పొడిగా తుడవాలి. తడి ఉంటే జెల్ నిలవదు, ఉమ్మిలో కలిసి గొంతులోకి జారుతుంది. గొంతు మొద్దుబారితే మింగుడు పడట్లేదని, ఊపిరి ఆడట్లేదని రోగి కంగారు పడతారు. దూదిపుల్ల కొసన మినపగింజంత చాలు. జెల్‌లో ఉండే మత్తుమందు లిగ్నోకెయిన్ 5% అంటే, గ్రాము జెల్‌లో 50 మిల్లీగ్రాముల మందు. ఇంజక్షన్‌లోనూ అదే మందు ఉంటుంది కనుక రెండూ కలిపి లెక్కేయాలి, ముఖ్యంగా పిల్లల్లో.

తర్వాత ఆగాలి. జెల్‌లో వాడే మరో మత్తుమందు బెంజోకెయిన్ 20% అయితే ఒక నిమిషం, లిగ్నోకెయిన్‌కు రెండు మూడు నిమిషాలు. చాలాచోట్ల తప్పు జరిగేది ఇక్కడే: రాసీ రాయగానే సూది వేసి, జెల్ పనిచేయలేదంటారు. నాకు వేసిన డాక్టరు గారు గడియారం చూసి ఆగారు. బుగ్గవైపు సూది దిగిన సంగతి నాకు తెలియనే లేదు.

అంగిలి దగ్గర పరిస్థితి వేరు. అక్కడి పొర మందం, పైగా ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటుంది. జెల్ సరిగా ఇంకదు, ఎక్కించిన మందు పరుచుకోవడానికి చోటుండదు. ఆ ఒత్తిడే అసలు నొప్పి. అందుకని దూదిపుల్లతో పొర తెల్లబడేదాకా గట్టిగా నొక్కి, నొక్కుతూనే ఆ పుల్లను ఆనుకుని సూది వేస్తారు. కొద్ది చుక్కలు, చాలా నెమ్మదిగా. నాకు నొక్కుడు బాగా తెలిసింది, సూది కొద్దిగా చురుక్కుమంది. అంతకుమించి జెల్ నుంచి ఆశించకూడదు.

చీము పట్టినచోట ఆమ్లగుణం పెరిగి మత్తు సరిగా ఎక్కదు. అలాంటప్పుడు వాపులోకి గుచ్చకుండా, దూరంగా నరం వచ్చే దారిలో మందు వేయాలి. నాకూ అలాగే వేశారు.

బెంజోకెయిన్‌తో ఒక ప్రమాదం ఉంది. అరుదుగా రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి వస్తుంది: పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి, ఆయాసం, తలతిరుగుడు మొదలవుతాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పళ్లు వచ్చే పసిపిల్లల చిగుళ్లకు దీన్ని రాయొద్దని, రెండేళ్లలోపు వాళ్లకు అసలు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఇంట్లో పసివాళ్లుంటే ఆ ట్యూబు వాళ్లకు అందనివ్వొద్దు.

పన్ను తీశాక గాజుగుడ్డను అరగంటకు పైగా కొరికి పట్టుకున్నాను. తిమ్మిరి దిగేదాకా ఏమీ తినలేదు. తెలియకుండా బుగ్గ కొరుక్కుంటే అది మరో పుండు. తొలి 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. ఆ తర్వాతే గోరువెచ్చని ఉప్పునీళ్లు. నొప్పిగా ఉందని గుంతలో జెల్ పెట్టొద్దు. కెలికితే నెత్తుటిగడ్డ ఊడి, రెండు మూడు రోజులకు చెవిదాకా పోటు పొడుస్తుంది.

వాపు తగ్గాక అంగిలిమీద సూది పడినచోట చిన్న పుండు మిగిలింది. జెల్ ఎక్కువసేపు ఉంచినా, ఇంజక్షన్‌లోని అడ్రినలిన్ వల్ల ఆ చోటికి నెత్తురు తగ్గినా పైపొర ఇలా ఊడుతుంది. గీకకుండా, కారం తగ్గించి వదిలేస్తే దానంతటదే మానింది. రెండు వారాలు దాటినా మానని పుండును మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.