ఐ యామ్‌ని ఎక్కడ కుదించకూడదు?

"ఆర్ యూ రెడీ?" అంటే "ఎస్, ఐ యామ్" అనాలట, "ఎస్, ఐమ్" అనకూడదట. ఎందుకని మా అమ్మాయి అడిగింది. పుస్తకంలో రూల్ ఉంది గానీ కారణం లేదు (ఎప్పుడుంది గనక!).

కారణం పలకడంలో ఉంది. నొక్కి పలకని మాటే కుదించుకుపోతుంది. "ఐమ్ రెడీ"లో ఒత్తంతా రెడీ మీద పడి, యామ్ నలిగిపోతుంది. రెడీని తీసేస్తే ఒత్తు యామ్ మీదికే వస్తుంది, ఇక దాన్ని నలపలేం. అదే "నో, ఐ కాంట్" అని చివర్లో హాయిగా అనొచ్చు, ఎందుకంటే కాంట్‌ని నొక్కే పలుకుతాం.

"హీడ్" ఇంకో తలనొప్పి, హీ హ్యాడ్‌కీ హీ వుడ్‌కీ అదే కుదింపు. తర్వాత గాన్ వస్తే హ్యాడ్, గో వస్తే వుడ్.

నాకు బాగా నచ్చింది వోంట్. విల్ నాట్‌లో లేని 'ఓ' ఎక్కడిది? మధ్యయుగాల ఇంగ్లీష్‌లో విల్‌కి వోల్ అనే రూపం కూడా ఉండేది. వోల్ పోయింది, వోంట్ మిగిలింది.

పాపం యామ్ నాట్‌కి ప్రామాణిక ఇంగ్లీష్‌లో సొంత కుదింపే లేదు. ప్రశ్నలో "ఆరంట్ ఐ?" అని ఆర్ దగ్గర అప్పు తెచ్చుకుంటారు. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో మాత్రం "యామంట్ ఐ?" అనేవాళ్లున్నారు. నా ఓటు వాళ్లకే.