పైపర్‌ని వెంట తెచ్చుకున్న దొర

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో కొల్‌విల్-మోంట్‌గోమెరీ దగ్గర బ్యాగ్‌పైప్స్ (స్కాట్లాండ్ వాళ్ల తిత్తి వాద్యం) వాయిస్తున్న బిల్ మిల్లిన్ విగ్రహం చూశాను. హోటల్‌కి వచ్చాక, అతన్ని రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తీరానికి తెచ్చిన మనిషి గురించి చదువుతూ కూర్చున్నా.

సైమన్ ఫ్రేజర్, లార్డ్ లోవట్. స్కాట్లాండ్ హైలాండ్స్‌లో తరతరాల ప్రభువుల కుటుంబం. ఆ వంశంలోని ఒక లార్డ్ లోవట్‌కి 1747లో లండన్‌లో రాజద్రోహం కింద తల తీశారు. బ్రిటన్‌లో అలా శిరచ్ఛేదం జరిగిన చివరి మనిషి అతనే.

1944 జూన్ 6న, మిత్రదేశాల సేనలు నార్మండీలో దిగిన రోజున, మిల్లిన్‌ని తెచ్చిన ఈ లోవట్ తన కమాండోలతో అక్కడి స్వోర్డ్ బీచ్‌లో దిగాడు. ముందు వరసలో పైపర్లు, అంటే బ్యాగ్‌పైప్స్ వాయించేవాళ్లు, ఉండకూడదని ఆర్డర్. అది ఇంగ్లిష్ వాళ్ల ఆర్డర్, మనం స్కాట్లాండ్ వాళ్లం కదా అని మిల్లిన్‌ని వాయించమన్నాడట! ఇది ధైర్యమో, దొరల మొండితనమో నాకు తేలలేదు. తుపాకీ కూడా లేకుండా గుళ్ల మధ్య నడిచింది మాత్రం 21 ఏళ్ల మిల్లిన్.

ఆరు రోజులకే నార్మండీలోనే బ్రెవిల్ అనే ఊరి దగ్గర షెల్ పేలి లోవట్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆయన యుద్ధం అక్కడితో అయిపోయింది.

చివరి రోజులే ఘోరం. 1994లో ఇద్దరు కొడుకులు కొద్దిరోజుల తేడాతో పోయారు. ఒకర్ని టాంజానియాలో అడవిదున్న చంపింది, మరొకరికి వేటలో గుండెపోటు. మరుసటి ఏడాది ఆయనా పోయాడు. అంత్యక్రియల్లో వాయించింది మిల్లినే. బిరుదు మనవడికి వెళ్లింది, కుటుంబపు బ్యూఫోర్ట్ కోట మాత్రం అమ్ముడుపోయింది.