నీళ్లు తాగినా తీరని దాహం

గత వేసవిలో విజయవాడ శివారులో మా ఇంటి కట్టుబడి జరుగుతున్నప్పుడు, పని దగ్గరుండి చూసుకోవడానికి నెల రోజులపాటు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎండలో నిలబడవలసి వచ్చింది. వడదెబ్బ భయంతో రెండు లీటర్ల సీసాలు రెండు ఫిల్టరు నీళ్లతో నింపుకుని వెళ్లేవాణ్ణి. అవి ఖాళీ అయితే గాని ఇంటిముఖం పట్టేవాణ్ణి కాదు. అయినా సాయంత్రమయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది, తల దిమ్మెక్కేది, కూర్చుని లేస్తే కళ్లు తిరిగేవి. విచిత్రమేమిటంటే మూత్రం మాత్రం మంచినీళ్లలా తేటగా, మాటిమాటికీ వచ్చేది.

షుగరేమోనని భయపడి రక్తపరీక్ష చేయించుకున్నాను. అతిదాహం, అతిమూత్రం కలిసి కనిపించినప్పుడు ఎవరైనా ముందుగా చూపించుకోవలసింది అదే. ఫలితం మామూలుగానే వచ్చింది. రిపోర్టు చూసిన వైద్యుడు నేను ఎన్ని నీళ్లు తాగుతున్నానో అడగలేదు, పొద్దున ఏం తిని వెళ్తున్నానని అడిగారు. బరువు తగ్గాలని టిఫిను మానేసి రెండు పండ్ల ముక్కలతో సరిపెట్టుకుంటున్నానని, పచ్చళ్లు, ఉప్పు బాగా తగ్గించానని కాస్త గొప్పగానే చెప్పాను.

అసలు చిక్కు అక్కడే ఉంది. మనిషిని బట్టి తేడా ఉన్నా, లీటరు చెమటతో పాటు సుమారు ఒకటి నుంచి నాలుగు గ్రాముల దాకా ఉప్పు బయటికి పోతుంది. ఆ లోటు తీర్చకుండా వట్టి నీళ్లే పోస్తే రక్తం పలచబడుతుంది. దాన్ని మెదడు వెంటనే పసిగట్టి, నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోనును తగ్గించేస్తుంది. దాంతో మూత్రపిండాలు అదనంగా కనిపించిన నీటిని బయటికి తోసేస్తాయి. అంటే నేను తాగిన దానిలో చాలా భాగం ఒంట్లో నిలవకుండానే దాటిపోతోంది. మూత్రం తేటగా ఉంది కనుక ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయనుకోవడం నా పొరపాటు. అలాగని ఇంకా పట్టుదలగా తాగుతూ పోతే ఉప్పులో ఉండే సోడియం రక్తంలో ప్రమాదకరంగా పడిపోవచ్చునని కూడా ఆయన హెచ్చరించారు.

ఈ సంగతి మా తాపీమేస్త్రీకి ఎప్పటినుంచో తెలుసు. ఆయన పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తిని, పది గంటలకు ఉప్పు వేసిన మజ్జిగ తాగి, మధ్యలో దాహమైనంత మేరకే నీళ్లు తాగేవారు. “వట్టి నీళ్లు ఆగవు బాబుగారూ, కాస్త ఉప్పు తగలాలి” అని నాతో రెండుసార్లు అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

విరేచనాలైనప్పుడు తాగించే ఓఆర్ఎస్ ద్రావణం పనిచేసేదీ ఈ కిటుకు మీదే, అయితే అందులో గ్లూకోజు కూడా ఉంటుంది. చిన్నపేగు గోడల్లో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉండాలి. చక్కెర మోతాదు మించితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అందుకే ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముడయ్యే తీపి పానీయాల మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఈ సూత్రానికి సరిపోని పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

నేను మళ్లీ టిఫిను తిని వెళ్లడం, పది గంటలకు మేస్త్రీతో పాటు ఉప్పు మజ్జిగ తాగడం మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు సాయంత్రపు తలదిమ్ము తగ్గింది. నీళ్ల సీసా ఒకటి ఇంటికి నిండుగానే తిరిగి వచ్చేది. బీపీ మాత్రలు వాడే మా నాన్నగారు తనకూ ఆ మజ్జిగ కావాలన్నారు గాని, వైద్యుణ్ణి అడిగేదాకా ఆయనకు ఉప్పు లేకుండానే ఇచ్చాము.