బీచ్ డ్యూటీలో సీపీఆర్: బొమ్మ మీద నేర్చింది, ఇసుక మీద చేసేది

పోలీసులకు సీపీఆర్ (గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కి, నోట్లోకి ఊపిరి ఊదడం) నేర్పేది గచ్చు నేల మీద, ప్లాస్టిక్ బొమ్మతో. విశాఖ ఆర్‌కే బీచ్‌లో అవసరం పడేది ఇసుక మీద, నీళ్ళు మింగిన మనిషికి. అంకెలు అవే. వరస వేరు, పడుకోబెట్టే చోటు వేరు.

ముందు నీళ్ళ సంగతి. యూనిఫాంతో దూకొద్దు. బూట్లూ బెల్టూ బరువు, పైగా మునిగేవాడు చేతికందినవాణ్ణి వాటేసుకుని తనతోపాటు ముంచేస్తాడు. తాడు కట్టిన ట్యూబు విసరాలి, లైఫ్‌గార్డునో జాలరిపేట గజ ఈతగాణ్ణో కేకెయ్యాలి. మన ఒడ్డున వెనక్కెళ్ళే కెరటం పాదాల కింద ఇసుకను కోసేస్తుంది. అందుకే మోకాలి లోతులో నిలబడ్డవాళ్ళు కూడా పడిపోతారు.

బయటికి తెచ్చాక చాలామంది పైకి, పొడి ఇసుకలోకి మోసుకుపోతారు. అక్కడ నొక్కితే వీపు ఇసుకలోకి దిగుతుంది గానీ ఛాతీ అణగదు. నేను ఎంచుకునేది కెరటం అందనంత ఎగువన గట్టిపడ్డ తడి ఇసుక. ఒడ్డు ఏటవాలు కాబట్టి తలా కాళ్ళూ ఒకే ఎత్తులో ఉండేలా తీరానికి సమాంతరంగా పడుకోబెట్టాలి.

ఈలోగా జనం మూగుతారు. పొట్ట నొక్కమని ఒకరు, కాళ్ళు పట్టి తలకిందులు చెయ్యమని ఇంకొకరు. పొట్ట నొక్కితే వచ్చేది ఊపిరితిత్తుల్లోని నీరు కాదు. అంతకుముందు తిన్న మురీ మిక్చరూ ఉప్పునీళ్ళూ గొంతులోకొచ్చి, అక్కణ్ణుంచి శ్వాసనాళంలోకి దిగుతాయి. జనాన్ని వెనక్కి నెట్టడానికి ఒక కానిస్టేబుల్, 108కి ఫోన్ చెయ్యడానికి ఇంకొకరు. ‘బీచ్‌లో’ అంటే చాలదు. కురుసుర సబ్‌మెరైన్ దగ్గరో, కాళీమాత గుడి ఎదురుగానో అని గుర్తు చెప్పాలి.

భుజాలు తట్టి పిలవాలి, తల వెనక్కి వంచి గడ్డం ఎత్తి శ్వాస చూడాలి. 10 సెకన్లకు మించొద్దు. ఒడ్డున పడ్డ చేపలా ఎప్పుడో ఒకసారి నోరు తెరిస్తే దాన్ని శ్వాస అనుకోకూడదు.

శ్వాస లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. అసలు తేడా ఇక్కడే. ఉన్నట్టుండి గుండె ఆగి కూలినవాడి రక్తంలో ఇంకా కొంత ఆక్సిజన్ ఉంటుంది, అందుకే అక్కడ నొక్కడంతో మొదలుపెడతాం. మునిగినవాడికి గుండె ఆగడమే ఆక్సిజన్ అయిపోయి. కాబట్టి ముందు ఊపిరి: 5 సార్లు (కొన్ని శిక్షణల్లో 2 అంటారు), ఒక్కోటి ఒక సెకను, ఛాతీ లేచేంత. బలంగా ఊదితే గాలి కడుపులోకి పోయి వాంతి అవుతుంది. నోటి దగ్గర నురగ వస్తూనే ఉంటుంది. తుడుస్తూ కూర్చోవద్దు, దాని మీదే ఊదాలి. వాంతయితే మాత్రం మనిషిని పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, మళ్ళీ వెల్లకిలా. వాల్వున్న పాకెట్ మాస్కు (నోటికి నోరు తగలకుండా ఊదే తొడుగు) జేబులో ఉంటే ఈ పనికి జంకు ఉండదు. లాఠీ కంటే ముందు అది ఇవ్వాలంటాను.

తర్వాత ఛాతీ ఎముక కింది సగం మీద 30 నొక్కులు, 2 ఊపిర్లు. పెద్దవాళ్ళకైతే లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. అలసినవాడికి లోతు తగ్గిన సంగతి తెలియదు, పక్కనున్నవాడే చూసి చెప్పాలి. ఏఈడీ (గుండెకు కరెంటు షాకిచ్చే పెట్టె) వస్తే ప్యాడ్లు అంటించేముందు ఛాతీ పొడిగా తుడవాలి.

మనిషి లేచి కూర్చున్నాక ఇంకో తగువు. ‘బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకుపోతాం’ అంటారు ఇంట్లోవాళ్ళు, కేసవుతుందని భయం. పంపకూడదు. నీళ్ళు మింగిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత మొరాయించవచ్చు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరే, అక్కడికి ఎక్కించాలి. 108 సిబ్బందికి చెప్పాల్సినవి: ఎంతసేపు నీళ్ళలో ఉన్నాడు, ఎప్పుడు తీశాం, ఎప్పుడు శ్వాస వచ్చింది, వాంతయిందా. నేను ఆ టైములు అరచేతిలో పెన్నుతో రాసుకుంటాను, తడి చేతిలో ఫోన్ పనిచెయ్యదు.