పదిహేను వోల్టుల చొప్పున

మంచి మనిషి చెడు ఎలా చేస్తాడో తెలియాలంటే 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ తన ప్రయోగంలో వాడిన షాకుల పెట్టెను దగ్గరగా చూడాలి. అవతలి గదిలోని మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కువ షాకు ఇవ్వమని మామూలు మనుషులకు చెప్పారు. పెట్టెకు 30 స్విచ్‌లు. మొదటిది 15 వోల్టులు, చివరిది 450. మెట్టుకు పెరిగేది 15 మాత్రమే, కిటుకంతా అక్కడే ఉంది. 150 నొక్కినవాడికి 165 పెద్ద తప్పుగా తోచదు. ఇప్పుడు ఆపితే ఇందాకటిదీ తప్పేనని ఒప్పుకోవాలి మరి!

షాకులు ఉత్తుత్తివే, కానీ నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 300 దగ్గర అవతలి గదిలోంచి గోడ బాదిన చప్పుడు. అయినా ప్రయోగం నడిపేవాడు 'కొనసాగించండి' అంటుంటే 40 మందిలో 26 మంది చివరిదాకా వెళ్లారు. వాళ్లను క్రూరులనలేం. చాలామంది చెమటలు పట్టి వణుకుతూనే నొక్కారు.

మరో విడతలో, ఆ పనిలోనే పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో 'మేం చెయ్యం' అని తప్పుకున్నారు. అప్పుడు 450 దాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.