308 మంది లెక్క: వేక్ కౌంటీ సెనేట్ పటం గీసిన అనుభవం

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో నియోజకవర్గాల గీతలు గీసేది శాసనసభే. గవర్నర్‌కు దీనిమీద వీటో లేదు. వేక్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఊళ్లైన కేరీ, మోరిస్‌విల్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు గీతల గురించి ఏదైనా అడగాలంటే అంకెలతో అడగాలి. అందుకే వేక్ కౌంటీ వరకు పటం నేనే గీసి చూశాను. ఎక్కడ చిక్కుపడుతుందో రాస్తున్నాను.

ముందు లెక్క. 2020 జనగణనలో రాష్ట్ర జనాభా 1,04,39,388. శాసనసభకు రెండు సభలు: కింది సభ హౌస్‌లో 120 సీట్లు, సీటుకు 86,995 మంది. పై సభ సెనేట్‌లో 50, సీటుకు 2,08,788. అటూ ఇటూ 5 శాతం తేడా చెల్లుతుంది. కానీ కౌంటీలను వీలైనంతవరకు ముక్కలు చేయకూడదు. 2002లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతిలో ముందు కౌంటీలను గుంపులుగా కూర్చాలి, ఆ తర్వాతే గుంపు లోపల గీతలు. చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా రంగులు వేస్తారు. ఆ పటం ఎంత బాగున్నా పనికిరాదు.

వేక్ జనాభా 11,29,410. హౌస్‌కు 13 సీట్లు చక్కగా సరిపోతాయి. సెనేట్‌కు మాత్రం కుదరదు: 5 సీట్లు చేస్తే ఒక్కోదానిలో 8 శాతం ఎక్కువ, 6 చేస్తే 10 శాతం దాకా తక్కువ. అందుకని 60,992 మంది ఉన్న పక్క కౌంటీ గ్రాన్‌విల్‌ను కలిపి 6 చేస్తారు. అప్పుడు కూడా సగటు కనీస హద్దుకు అంచునే నిలుస్తుంది. ఒక్కో సీటుకు కనీసం 1,98,349 మంది ఉండాలి, ఆరింటికీ కలిపి మిగిలేది 308 మందే.

నేను డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ అనే ఉచిత సైట్‌లో గీశాను. మొదట ప్రీసింక్ట్‌ల (ఒక పోలింగ్ కేంద్రం పరిధి) వారీగా రంగులు వేశాను. ఒక్కో ప్రీసింక్ట్‌లో వేల మంది ఉంటారు కాబట్టి 308 మంది వెసులుబాటుతో అలా కుదరదు. ఒక సీటు 400 ఎక్కువైతే చాలు, ఇంకోటి హద్దు కిందికి జారుతుంది. గ్రాన్‌విల్ ఉన్న సీటుతో మొదలుపెట్టి, పక్కపక్కనే ఒక్కోటి పూర్తిచేస్తూ, చివరి సర్దుబాటు సెన్సస్ బ్లాకులతో (జనగణనలో అతి చిన్న ముక్కలు) చేయాలి. మధ్యలోంచి మొదలుపెడితే ఆఖరి సీటు రెండు తునకలవుతుంది. అన్నీ సరిపోయాక కూడా కొన్ని బ్లాకులు ఏ సీటుకూ చెందకుండా మిగులుతాయి. నాకు ఫాల్స్ లేక్ వైపు నీళ్ల బ్లాకులు అలా మిగిలాయి. వాటిలో జనం సున్నా కాబట్టి మొత్తంలో తేడా కనిపించదు, కానీ పటం అసంపూర్ణమే.

పార్టీల బలం చూడటానికి ఏ ఎన్నిక ఓట్లు తీసుకుంటామన్నది ముఖ్యం. 2020లో ఒకే రోజు, ఒకే బ్యాలెట్‌మీద రిపబ్లికన్ ట్రంప్ 74 వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో, డెమొక్రాట్ గవర్నర్ కూపర్ దాదాపు 2.48 లక్షల ఆధిక్యంతో ఈ రాష్ట్రంలో గెలిచారు. ఒక్క ఎన్నికనే నమ్మితే ఒకే గీత ఒకసారి న్యాయంగా, ఇంకోసారి అన్యాయంగా కనిపిస్తుంది. కనీసం నాలుగైదు ఎన్నికలు కలిపి చూడండి.

ఇంత చేసినా కలం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు విషయం. ఒక పార్టీకి లాభించేలా గీతలు గీయడంపై ఫెడరల్ (కేంద్ర) కోర్టులు జోక్యం చేసుకోవని 2019లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కేసుల్లో ఒకటి మన రాష్ట్రానిదే. మిగిలింది రాష్ట్ర సుప్రీంకోర్టు. దాని ఏడుగురు జడ్జీలనూ బ్యాలెట్‌మీద పార్టీ పేరు చూసి మనమే ఎన్నుకుంటాం. 2022 ఫిబ్రవరిలో ఆ కోర్టు పార్టీ పక్షపాతం ఉందని 4–3తో పటాలను కొట్టేసింది. నవంబరు ఎన్నికల్లో కోర్టులో బలాబలాలు 5–2గా రిపబ్లికన్ల వైపు మారాయి. 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు తన పాత తీర్పును కొట్టేసింది. శాసనసభ గీసిన కొత్త పటంతో, అమెరికా కాంగ్రెస్‌లో (కేంద్ర చట్టసభలో) ఈ రాష్ట్రపు సీట్లు రెండు పార్టీలకు 7–7 నుంచి 2024లో రిపబ్లికన్లకు 10, డెమొక్రాట్లకు 4 అయ్యాయి. అదే రోజు డెమొక్రాట్ స్టైన్ గవర్నర్‌గా ఘనంగా గెలిచినా, రాష్ట్ర హౌస్‌లో 71, సెనేట్‌లో 30 సీట్లు రిపబ్లికన్లకే. బ్యాలెట్ కింది భాగంలో ఉండే జడ్జీల పేర్లు ఖాళీగా వదిలేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గీతల గురించి శాసనసభకు పెట్టే విన్నపం విషయానికొస్తే, ఒక పేజీ మించకూడదు. ఏ ప్రీసింక్ట్ ఎటు మారాలో, దానివల్ల ఎందరు మారతారో, రెండువైపులా మిగిలే జనాభా ఎంతో రాయాలి. "మా ఊరిని విడదీయకండి" అని మాత్రమే రాస్తే ఉపయోగం లేదు. 2023లో పటాలు అక్టోబరు 18న బయటికొచ్చి 25కల్లా ఆమోదం పొందాయి. ఆ వారంలో కూర్చుని గీయడం అయ్యే పని కాదు, బ్లాకుల ఫైలు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.