‘మోరిస్’ ఎక్కడ తేలిపోయింది

ఇంగ్లిష్ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ ‘మోరిస్’ నవలను 1913–14లో రాశాడు. అప్పటి ఇంగ్లండులో ఇద్దరు మగవాళ్ల ప్రేమ జైలుకు పంపే నేరం. అందుకే రాతప్రతి స్నేహితుల చేతులు దాటలేదు. 1970లో ఆయన పోయాక, 1971లో అచ్చయింది. ధైర్యానికి దండం పెట్టొచ్చు. నవలగా మాత్రం ఉసూరుమనిపిస్తుంది.

కేంబ్రిడ్జి భాగం బావుంది. తోటి విద్యార్థి క్లైవ్ ప్రేమిస్తున్నానంటే కథానాయకుడు మోరిస్ బెదిరిపోయి, అదంతా చెత్త అని కొట్టిపారేస్తాడు. ఆ వయసు మగపిల్లాడి నోట నిజంగా వచ్చే మాటే అది.

చిక్కు గ్రీసులో మొదలవుతుంది. ఏథెన్స్‌లో కూర్చుని క్లైవ్, తనిక ‘మామూలు మనిషి’నయ్యానని ఉత్తరం రాసేస్తాడు. భయమా, ఆస్తా, పరువా? ఏదో ఒకటి మనకు కనబడాలి కదా! స్విచ్ నొక్కినట్టు మారిపోతాడంతే.

ఇక అలెక్, క్లైవ్ ఎస్టేటులో వేటపక్షుల కాపలాదారు. కథ చివరికొస్తుంటే నిచ్చెనెక్కి మోరిస్ గది కిటికీలోంచి దిగుతాడు. తర్వాత మోరిస్‌కు అతని బెదిరింపు, బ్రిటిష్ మ్యూజియంలో గొడవ, రాజీ. కాసేపటికే అర్జెంటీనా ఓడ వదులుకుని మోరిస్ కోసం ఉండిపోతాడు. వర్గభేదం అంత ఉన్నచోట ఇద్దరూ రోజూ ఏం మాట్లాడుకుంటారు, ఏం తిని బతుకుతారు? ఊసే లేదు. ఈ బంధం ఆరు వారాలే నిలుస్తుందని స్నేహితుడైన రచయిత లిట్టన్ స్ట్రేచీ ఫార్‌స్టర్‌కే రాశాడు. సుఖాంతం తప్పనిసరని ముందే పట్టుబట్టిన ఫార్‌స్టర్, వాళ్లను కట్టెలు కొట్టేవాళ్లుగా చూపే ముగింపొకటి రాసి, తర్వాత తీసేశాడు. (తీసేసి మంచిపనే చేశాడు.)